రెండోసారి పలకని పువ్వు

గురువారం పొద్దున షట్టరు ఎత్తబోతే తాళం సందులో ఒక కవరు దోపి ఉంది. పంక్చరాయన దాన్ని వేళ్ల చివర్లతో లాగాడు. ఆయన వేళ్ల సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. నలభై ఏళ్లుగా రబ్బరు సొల్యూషను పూసీ పూసీ, ఆయన ఎవరి చెయ్యయినా పట్టుకుంటే విడిపించడానికి మూడో మనిషి రావాలని చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో, చెప్పినవాళ్ల పాపం. కవరు మాత్రం ఆ వేళ్లను వదిలి రానంది. పళ్లతో చింపి చదువుకున్నాడు.

తోటల సంఘం కార్యదర్శి రాసిన ఉత్తరం. షాపు వెనక సంఘానికి కాస్త ఖాళీ జాగా ఉంది. దాన్ని మడులుగా విడగొట్టి సభ్యులకిచ్చారు. షాపుకి ఉత్తరం వైపు గోడ నీడన, ఎండ మొహం చూడదని ఎవరూ తీసుకోని పదకొండడుగుల మడి పంక్చరాయనకి దక్కింది. అందులో ఎనిమిదేళ్లుగా ఆయన వయొలెట్లు పెంచుతున్నాడు. వాళ్లావిడ వాటిని ఊదాపూలంటుంది. గుండ్రటి ఆకుల కింద, బొటనవేలి గోరంత పువ్వు, తల వంచుకుని ఉంటుంది. చలికాలం పొద్దున్నే వంగి చూస్తే అంత చిన్న పువ్వుకి అంత వాసనేమిటా అనిపిస్తుంది.

ఉత్తరంలో ఇలా ఉంది. "సువాసన పూల కోసం ఇచ్చిన మడిలో సదరు సభ్యుడు వాసన లేని మొక్కలు పెంచుతున్నట్టు స్వయంగా తనిఖీ చేసి కనుగొన్నాం. ఆదివారం పూల పోటీలో న్యాయనిర్ణేత ఎదుట వాసన రుజువు చేయవలెను. చేయలేనిచో సోమవారం సాయంత్రానికి మడి ఖాళీ చేయవలెను. అక్కడ పనిముట్ల షెడ్డు వేయబడును." కింద సంతకం. సంతకం కింద గీత. గీత కింద ఇంకో గీత.

ఆ రెండో గీత చూస్తే చాలు, ఎవరిదో చెప్పక్కర్లేదు. డ్రిల్లు మాస్టారు. బళ్లో పిల్లలకి డ్రిల్లు చెప్పి రిటైరయ్యాక ఆ పెద్దమనిషి గులాబీలకి డ్రిల్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన మళ్లో మొక్కలన్నీ ఒకే ఎత్తు, ఒకే ఎడం. ఆయన ఈల వేస్తే మొగ్గలన్నీ కుడివైపు తిరుగుతాయంటారు. ఎడంవైపు తిరిగిన మొక్కని కుండీతో సహా గేటు బయట నిలబెట్టాడని కూడా అంటారు.

పంక్చరాయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడో లేదో, మాస్టారే సైకిలు దిగాడు.

"ఉత్తరం అందిందా?"

"అందింది మాస్టారూ. చదివాను కూడా."

"నీ మీద నాకేం పగ లేదోయ్. ముందు చక్రం చూడు, మెత్తగా ఉంది." మాస్టారు స్టాండు వేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "మంగళవారం నువ్వు షాపులో ఉండగా నేనే వెనక్కెళ్లి వంగి చూశాను. మొదటిసారి పీలిస్తే గుప్పుమంది. సరే, బానే ఉందనుకున్నాను. రెండోసారి గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. మూడోసారి పీల్చాను. మట్టి. ముప్పై ఏళ్లు హాజరు పిలిచినవాణ్ణి నేను. మొదటిసారి పలికినవాడు రెండోసారి పలకలేదంటే గోడ దూకాడనే అర్థం."

"పువ్వు గోడ ఎలా దూకుతుంది మాస్టారూ?"

"పువ్వు దూకదు. దాని మీద చల్లిన సెంటు దూకుతుంది."

పంపు మీద పంక్చరాయన చేతులు ఆగిపోయాయి. "నేను సెంటు చల్లానంటారా?"

"నేననలేదు. నువ్వే అన్నావు. ఆపకు, ఇంకా నాలుగు దెబ్బలు పడాలి."

పంక్చరాయన నాలుగు దెబ్బలూ కొట్టాడు. తనని మోసగాడన్న మనిషి చక్రానికి గాలి నింపడం ఎంత బరువైన పనో పంపు పట్టినవాడికే తెలుస్తుంది. అయినా బొటనవేలితో టైరు నొక్కి చూసి, తక్కువైందని ఐదో దెబ్బ కూడా కొట్టాడు. మనిషి మీద కోపం టైరు మీద చూపించకూడదని ఆయన గురువు చెప్పిన మాట. ఆ గురువు కూడా ఆ మాట చెప్పాకే టైరు లీవరు తీసి నెత్తిన మొట్టాడు.

మాస్టారు వెళ్లాక పంక్చరాయన వెనక తలుపు తీసి మడి దగ్గరికి పోయాడు. గట్టు మీద మాస్టారి మోకాళ్ల గుర్తులు రెండు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఆయన వాటి పక్కనే తన మోకాళ్లు ఆనించి, ఆకులు చేత్తో పక్కకి తీసి, పీల్చాడు. వచ్చింది. తియ్యగా, చల్లగా, పొడి పొడిగా. మళ్లీ పీల్చాడు. లేదు.

అసలు భయం ఇదీ. ఈ సంగతి ఆయనకి కొత్త కాదు. రోజూ మొదటి పీల్పుకి ఉండి రెండోదానికి మాయమవడం ఎనిమిదేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. సొల్యూషను డబ్బా తన ముక్కుని తినేసిందనుకుని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మాస్టారి ముక్కూ అదే మాట అంటోంది. ఆ ముక్కుని ఏ సొల్యూషనూ తినలేదు. అయితే లోపం పువ్వులోనే ఉందేమో. సోమవారం సాయంత్రం తన చేతుల్తోనే ఇవన్నీ పీకాలేమో. ఆయన మోకాళ్లు తడిసేదాకా అక్కడే కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దున, పంక్చరాయన భార్య కాజాలు కుట్టే చొక్కాల మూట విప్పుకుని వెనక గుమ్మంలో కూర్చుంది. ఆవిడ కుట్టిన కాజాలోంచి గుండీ తనంతట తాను బయటికి రాదు. దర్జీ షాపులో ఆవిడకి అదే పేరు. కళ్లజోడు ముక్కు కొసకి దించి, సూది ఎత్తి దారం ఎక్కిస్తుంటే మొగుడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఒకసారి ఇలా రా."

"నలభై కాజాలున్నాయి."

"ఒక్కసారి. వచ్చి వాసన చూడు."

ఆవిడ సూది చీర కొంగుకి గుచ్చుకుని లేచింది. వంగింది. "ఉంది. ఎప్పుడూ ఉండేదేగా."

"మళ్లీ చూడు."

"లేదు."

"ఇప్పుడే కదా ఉందన్నావు."

"ఇప్పుడే ఉంది మరి. ఇప్పుడు లేదు."

"అబద్ధం ఆడకు."

"ముప్పై ఎనిమిదేళ్ల కాపరంలో మీతో అబద్ధం ఆడాల్సిన అవసరం నాకు ఒక్కసారీ రాలేదు. మీరేదైనా అడిగితే కదా." ఆవిడ నడుం పట్టుకుని లేచి, గుమ్మంలోకి పోయి సూది అందుకుంది. రెండు కాజాలు అయ్యేసరికి కుడుతున్నది మసక మసగ్గా ఉందని గమనించింది. కళ్లజోడు లేదు. వంగినప్పుడు మళ్లోనే జారి పడింది. గొణుక్కుంటూ తిరిగివచ్చి ఆకుల్లో చెయ్యి పెట్టి వెతుకుతూ ఆగిపోయింది.

"ఇదిగో. వచ్చేసింది."

"కళ్లజోడా?"

"వాసన."

పంక్చరాయన గట్టు మీద చతికిలబడ్డాడు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని ఆయన్ని పరీక్షగా చూసింది. ఆయన మొహంలో ఆ చూపు ఆవిడకి తెలుసు. తొట్టిలో ట్యూబు తిప్పుతూ, మొదటి బుడగ కోసం కాచుకునే చూపు అది.

"గాలి పోతోందని బండి వస్తుంది," అన్నాడు నెమ్మదిగా. "వచ్చినవాడు ట్యూబు మార్చెయ్యమంటాడు. తీసి నీళ్లలో ముంచితే ట్యూబు బంగారంలా ఉంటుంది. లోపం ఎక్కడో వాల్వు దగ్గర. ఉన్నచోటు వదిలేసి లేనిచోట వెతుకుతారు."

"నాకు నలభై కాజాలు..."

"ఆగవే. ఇప్పుడు పువ్వు కదిలిందా?"

"లేదు."

"నువ్వు కదిలావు. వెళ్లావు, వచ్చావు. పువ్వు ఉన్నచోటే ఉంది. అయితే పోయిందెవరిది, వచ్చిందెవరిది?"

ఆవిడ ముక్కు తడుముకుంది. "నా ముక్కు పాడైందంటారు."

"నీదొక్కటే కాదు. నాదీ, మాస్టారిదీ. లోకంలో అందరిదీ అయ్యుండాలి."

"లోకంలో అందరి ముక్కులూ చూశారా?"

"చూస్తాను," అన్నాడు పంక్చరాయన.

అరగంటలో షాపు ముందు స్టూలు మీద గ్లాసూ, గ్లాసులో గుప్పెడు ఊదాపూలూ వెలిశాయి. షట్టరు పక్క గోడ మీద చాక్‌పీసుతో మూడు గళ్లు గీశాడు. వచ్చిన ప్రతివాడి చేతా రెండుసార్లు పీల్పించడం, తర్వాత పంక్చరు వేయడం, ట్యూబు టైర్లో ఎక్కించి గాలి కొట్టాక మూడోసారి పీల్పించడం. మొదట వచ్చినవాడు పాల వ్యాన్ డ్రైవరు.

"బాబాయ్, నాకు లేటవుతోంది, ఈ ముక్కు పరీక్ష ఏంటి?"

"పరీక్ష రాయందే పంక్చరు వేయను."

"ఉంది. లేదు. అరే, నిజంగానే లేదు. ఏం మందు పెట్టావు బాబాయ్?"

పంక్చరాయన ట్యూబుని ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషను పూసి, అది ఆరేదాకా ఊది, అతుకు వేసి సుత్తితో మెల్లగా తట్టాడు. పది నిమిషాల తర్వాత డ్రైవరు మూడోసారి వంగి, లేచి, మళ్లీ గ్లాసు వంక అనుమానంగా చూశాడు. "ఉంది."

తర్వాత ఉత్తరాలాయన. తర్వాత ఒకే స్కూటరు మీద ఇద్దరు నర్సులు. ఆ తర్వాత గాజు పలకలు మోసే బండివాడు. ఉంది, లేదు, ఉంది. ఉంది, లేదు, ఉంది. సాయంత్రానికి ఇరవై మూడు ముక్కులు తేలాయి. ఒక్క జలుబు మనిషికి మాత్రం మూడుసార్లూ లేదు. ఆయన పేరు కొట్టేశారు. ఆయన ఒప్పుకోక, జలుబు తగ్గాక మళ్లీ వస్తానని పోయాడు. ఈలోగా కబురు వీధి దాటింది. శనివారం టైర్లు బాగున్నవాళ్లు కూడా గాలి తీసేసుకుని మరీ వచ్చారు. ఒకాయన కొత్త టైరుకి తనే మేకు కొట్టుకుని వచ్చాడని చెబుతారు గానీ, అది కాస్త ఎక్కువ. గుండుసూది మాత్రమే.

"ఎన్నయ్యాయి?" అంది వాళ్లావిడ శనివారం సాయంత్రం.

"డెబ్భై ఒకటి."

"మరి ఇంక నిద్రపోవచ్చుగా. రేపు చీకటితో లేవాలి."

ఆదివారం మంచు విడవకముందే ఇద్దరూ మళ్లో కూర్చుని కోశారు. కాడ పొడవుగా వచ్చేలా వేలు లోపలికంటా పోనిచ్చి కొయ్యాలి. ఆవిడ యాభై పూలు ఒకే ఎత్తున సర్ది, చుట్టూ వాటి ఆకులే కాలరులా పెట్టి, కాజాల దారంతో మూడు చుట్లు చుట్టింది. చివర వేసిన ముడి కాజా ముడి. ఇంక అది ఊడదు.

సంఘం హాల్లో డ్రిల్లు మాస్టారు పట్టీ పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. పంక్చరాయన పేరు పట్టీలో చిట్టచివర ఉంది. ఆయన బల్ల కిటికీ కింద ఉంది. ఆ కిటికీకి తెర లేదు. తొమ్మిదింటికి ఎండ బల్ల కాళ్ల దగ్గరుంది. పదిన్నరకి బల్లెక్కింది. పంక్చరాయన బల్ల జరపబోతే మాస్టారు ఈల వేసినంత పని చేశాడు. "ఎవరి స్థానంలో వాళ్లుండాలి."

పదకొండింటికి ఊదాపూలు మెడలు వాల్చేశాయి. గ్లాసు నిండా నీళ్లున్నాయి, అయినా వాల్చేశాయి.

"మావా, నీ పూలకి గాలి పోయింది," అన్నాడు పక్క బల్ల బంతిపూలాయన.

పంక్చరాయన హాలు కాపలాదారు దగ్గర బకెట్టు అడిగి, కుళాయి కింద నింపి తెచ్చాడు. గుత్తిని తలకిందులుగా పట్టి, పూలు మునిగేదాకా నీళ్లలో దించాడు. ఒకప్పుడు షాపు తొట్టిలోకి జారిపడ్డ గుత్తి నేర్పిన చదువు అది. ఈ పువ్వు కాడతో తాగేదానికన్నా మొహంతో తాగేది ఎక్కువ. ఆయన మునివేళ్లతో గుత్తిని పట్టుకుని, అలవాటు కొద్దీ అటొకసారి ఇటొకసారి తిప్పాడు.

"బుడగలు వస్తున్నాయా మావా?"

హాలు మొత్తం నవ్వింది. వాళ్లావిడ కుర్చీలోంచి లేవబోయింది. ఆయన కళ్లతోనే కూర్చోమన్నాడు. పది నిమిషాలయ్యాక తీసి, ట్యూబు దులిపినట్టు ఒక్క విదిలింపు విదిలించి గ్లాసులో పెట్టాడు. మెడలన్నీ నిలబడ్డాయి. నవ్వు కూడా అంతటితో ఆగింది.

న్యాయనిర్ణేత ముక్కు డాక్టరు. చెవి, గొంతు కూడా ఆయన చదివినవే గానీ, ఊళ్లో ఆయన్ని ముక్కుతోనే పిలుస్తారు. దానికి కారణం ఆయన చదువు ఒక్కటే కాదు, ఆయన ముక్కు కూడా. గుమ్మంలోకి ముందు అది వచ్చేదని, ఆయన వచ్చేలోగా దానికి కుర్చీ వేసేవారని ఒక కథ. ఆ ముక్కు ఒక్కో బల్లా దాటుకుంటూ వచ్చి వయొలెట్ల మీద వాలింది.

"అబ్బ," అన్నాడు డాక్టరు. కళ్లు మూసుకున్నాడు. కలం తీశాడు.

"తొందరపడకండి డాక్టరు గారూ," అన్నాడు మాస్టారు. "ఇంకొక్కసారి చూడండి."

డాక్టరు మళ్లీ వంగాడు. కళ్లు తెరిచాడు. ఇంకా కిందికి వంగాడు. ముక్కు పూలలో మునిగింది. లేచేసరికి ముక్కు చివర నీటిబొట్టు తప్ప ఏమీ లేదు.

"లేదే."

"నేను చెప్పలేదూ? సెంటు. ఎగిరిపోయింది. పైగా మనందరి కళ్లెదుటే ముంచాడు. ఆ బకెట్లో ఏం కలిపాడో."

గుసగుసలు మొదలయ్యాయి. డాక్టరు కలం మూత పెట్టేశాడు. పంక్చరాయన చెయ్యి జేబులో ఉత్తరం మీద పడింది. వేళ్లకి అది మళ్లీ అంటుకుంది. దాన్ని వదిలించుకుని ముందుకొచ్చాడు.

"డాక్టరు గారూ, మీరు ఎన్ని ముక్కులు చూసి ఉంటారు?"

"లెక్కేముంది. వేలు."

"మీ ముక్కు ఎవరైనా చూశారాండీ?"

ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు నవ్వలేదు, కోపగించనూ లేదు. "ఏమంటావు?"

"మాది పంక్చర్ల పనండీ. గాలి పోయిందంటే చక్రం మొత్తం చూస్తాం, ఒక్క ట్యూబే చూడం. మీరు ఒక పది నిమిషాలు వరండాలోకి పోయి, మంచినీళ్లు తాగి, వచ్చే పోయే బళ్లు చూసి రండి. వచ్చి మళ్లీ పీల్చండి. అప్పుడు కూడా లేకపోతే రేపు సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే పోయి మడి ఖాళీ చేస్తాను."

"ఆయన అటు వెళ్లగానే నువ్విటు మళ్లీ చల్లుతావు," అన్నాడు మాస్టారు.

"అందుకే మాస్టారూ, గుత్తి మీరే పట్టుకోండి. బకెట్టూ మీ కాళ్ల దగ్గరే ఉంచుకోండి. నేను ఆ చివరి గోడ దగ్గర నిలబడతాను."

మాస్టారికి తప్పలేదు. యాభై ఊదాపూల గుత్తిని గుండెకి ఎదురుగా, జెండాకర్ర పట్టుకున్నట్టు నిటారుగా పట్టుకున్నాడు. డాక్టరు బయటికి నడిచాడు. పంక్చరాయన గోడకి ఆనుకుని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. హాల్లో ఎవరూ తమ బల్లల దగ్గర లేరు. అందరూ మాస్టారి చుట్టూ మూగి, ఒకరి తర్వాత ఒకరు వంగి, ఉందని ఒకసారి, లేదని ఒకసారి అంటున్నారు. లేదన్నవాళ్లు పక్కకి పోయి, కాసేపాగి మళ్లీ వరసలో నిలబడుతున్నారు. కాపలాదారు రెండుసార్లు తిరిగాడు. బంతిపూలాయన మూడు. పంక్చరాయన భార్య కుర్చీలోంచే పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది.

డాక్టరు తిరిగొచ్చాడు. గుత్తి ఇంకా రెండడుగుల దూరం ఉండగానే ఆగిపోయాడు. ముక్కు గాల్లోకి లేచింది.

"ఉంది," అన్నాడు.

దగ్గరికి వచ్చి పీల్చాడు. "ఉంది." ఇంకోసారి పీల్చాడు. కనుబొమలు కలిశాయి. "లేదు." ఎవరూ చెప్పకుండానే గిర్రున తిరిగి వరండాలోకి పోయాడు. ఈసారి పరుగులాంటి నడక. హాలంతా ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూసింది. ఆయన మళ్లీ వచ్చేసరికి చిన్నపిల్లాడి మొహంతో వచ్చాడు.

"ఉంది. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల ముక్కులన్నీ బాగుచేశాను. నా ముక్కు నన్నే మోసం చేస్తుందని అనుకోలేదు."

"మోసం కాదండీ," అన్నాడు పంక్చరాయన గోడ దగ్గర్నుంచే. "పువ్వుకి పంక్చరు లేదు. పడింది మన ముక్కుకి. దానికి సొల్యూషనూ అక్కర్లేదు, ప్యాచీ అక్కర్లేదు. కాసేపు వదిలేస్తే దానంతటదే అతుక్కుంటుంది. డెబ్భై ఒక్క ముక్కులు చూశాను, మీది డెబ్భై రెండు."

"డెబ్భై మూడోది కూడా ఉందిగా," అంది వాళ్లావిడ. "మాస్టారూ, మీరూ వరండాలోకి పోయి రాకూడదూ?"

మాస్టారు కదల్లేదు. గుత్తి పట్టుకున్న చెయ్యి దించలేదు. చెవులు మాత్రం ఆయన గులాబీల రంగుకి తిరిగాయి.

డాక్టరు ఆ ఉత్తరం అడిగి తీసుకున్నాడు. పంక్చరాయన వేళ్ల నుంచి దాన్ని విడదీయడానికి ఆయనకీ కాస్త శ్రమే అయింది. బల్ల మీద పరిచి, అడుగున రాశాడు: "వాసన ఉంది. మొదటి బహుమతి. మడి ఇతనిదే." సంతకం చేశాడు. ఒక్క క్షణం ఆలోచించి సంతకం కింద గీత గీశాడు. దాని కింద ఇంకో గీత గీశాడు.

బంతిపూలాయన కొట్టిన చప్పట్లు గోడలకి తగిలి తిరిగొచ్చేలోపు హాలంతా అందుకుంది. ఆ చప్పట్లకి గులాబీల రేకులు కొన్ని రాలాయంటారు. కిటికీ తెరిచి ఉంది కాబట్టి గాలి కూడా అయ్యుండొచ్చు.

సోమవారం సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, డ్రిల్లు మాస్టారు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. వెనక చక్రం నేలకి అతుక్కుపోయి ఉంది.

"ఏం మాస్టారూ, మేకు దిగిందా?"

"ఏదో దిగింది. చూడు."

పంక్చరాయన టైరు లీవరుతో అంచు లేపి, ట్యూబు లాగి, కాస్త గాలి కొట్టి తొట్టిలో ముంచాడు. ఒక్కో జానా తిప్పుకుంటూ వచ్చాడు. చుట్టంతా అయింది. బుడగ లేదు. వాల్వు మీద ఉమ్మి రాసి చూశాడు. అక్కడా లేదు. తలెత్తి మాస్టారి వంక చూశాడు. మాస్టారు వీధి చివరన ఏదో ముఖ్యమైనది కనిపిస్తున్నట్టు అటే చూస్తున్నాడు.

"పది నిమిషాలు పడుతుంది మాస్టారూ," అన్నాడు పంక్చరాయన. "ఇక్కడ సొల్యూషను వాసన. వెనక కూర్చోండి."

మాస్టారు వెనక తలుపు దాటాడు.

కాస్సేపటికి పంక్చరాయన తడి చేతులతోనే తలుపు దగ్గరికి వెళ్లాడు. వాళ్లావిడ గుమ్మంలో కాజా కుడుతోంది. ఆవిడ సూది ఆపి గడ్డంతో అటు చూపించింది. మాస్టారు గట్టు మీద పాత గుర్తుల్లోనే మోకాళ్లు ఆనించి వంగి ఉన్నాడు. ఒకసారి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. లేచి, ప్యాంటు దులుపుకుని, వెనక్కి తిరిగి, వెన్ను నిటారుగా పెట్టి గేటుదాకా నడిచాడు. అక్కడ మడికి వీపు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. అంకెలు లెక్కపెడుతున్నాడు. అయ్యాక మడమల మీద తిరిగి, అదే నడకతో మడి దగ్గరికి వచ్చి, వంగాడు.

"ఎన్నోసారి?" అన్నాడు పంక్చరాయన గొంతు తగ్గించి.

"మూడు. గాలి కొట్టేశారా?"

"ఇంకా లేదు."

ఆయన షాపులోకి పోయి, ఏ చిల్లూ లేని ట్యూబుని మళ్లీ నీళ్లలో ముంచి, నింపాదిగా మొదటినుంచీ తిప్పడం మొదలుపెట్టాడు.